గ్లోరీ పెట్టిన నలభై లింకులు

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో, ఒక ఫొటో స్టూడియో పైనున్న గదిలో గ్లోరీ వెబ్‌సైట్లు చేస్తుంది. పదకొండేళ్ల కింద ఫ్లెక్సీలు డిజైన్ చేసే దుకాణంలో పనికి చేరి మౌసు పట్టిన మనిషి. ఎవరికి పదవి వచ్చినా, ఎవరి పుట్టినరోజు వచ్చినా నడుమ పెద్ద బొమ్మ, కింద వరసగా శుభాకాంక్షలు చెప్పేవాళ్ల చిన్న చిన్న ముఖాలు. ముఖాలెన్ని ఎక్కువుంటే ఆ మనిషి అంత పెద్దవాడని లెక్క. ఒక ముఖం మరిచిపోతే మర్నాడు దుకాణం ముందు పంచాయితీ. ఆ పని మానేసి ఏళ్లయినా ఆ లెక్క మాత్రం ఆమె తలలోంచి పోలేదు.

తండ్రి స్వామిదాసు ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర చిన్న షెడ్డులో బూట్లు కుడతాడు. మామూలు బూట్లు కావు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లకు ఆ కాలి సోలు ఎత్తుగా, షుగర్ వల్ల పాదం మొద్దుబారినవాళ్లకు లోపల మెత్తగా, ఎవరి కాలికి తగ్గట్టు వాళ్లకు. ఆ పని మీద ఆయనకు గర్వం ఉంది, ఉండాల్సిందే. మూడేళ్ల కింద గ్లోరీ ఆయనకు నాలుగు పేజీల వెబ్‌సైటు చేసిపెట్టింది. దాని పుణ్యమా అని ఎక్కడెక్కడి నుంచో నెలకు ఐదారుగురు వెతుక్కుంటూ వచ్చేవారు.

నిరుడు చలికాలంలో, ఎవరూ అడగకుండానే, ఆమెకు ఒక బుద్ధి పుట్టింది. సైటును కొత్తగా చేసి పేజీల చిరునామాలు అందంగా మార్చింది. అంతటితో ఆగితే గ్లోరీ ఎందుకవుతుంది! తాను చేసిపెట్టిన నలభై సైట్ల చివర, కోళ్ల దాణా కొట్టు మొదలు ఫంక్షన్ హాలు దాకా, తండ్రి దుకాణానికి లింకు తగిలించింది. బదులుగా తండ్రి పేజీ కింద వాళ్లందరి లింకులూ పెట్టింది. నలభై మంది ఒకే మనిషిని చూపిస్తుంటే సెర్చ్ ఇంజన్ నమ్మదా అనుకుంది.

నమ్మలేదు. అందరూ ఫోన్లలో వాడే పెద్ద సెర్చ్ ఇంజన్‌లో మొదటి పేజీలో కనబడే స్వామిదాసు, రెండు నెలల్లో ఆరో పేజీకి పోయాడు. ఆరో పేజీ దాకా వెళ్లి చూసే ఓపిక ఎవరికుంది? షెడ్డుకు కొత్త మనిషి రావడం ఆగిపోయింది.

మార్చిలో ఒక ఆదివారం చర్చి నుంచి ఇంటికొచ్చాక స్వామిదాసు మెల్లగా బయటపెట్టాడు.

"లింగంపేట రైస్‌మిల్లుల వాచ్‌మన్ కావాల్నంట బిడ్డా. ఒకటో తారీఖు లోపల ఏ సంగతో చెప్పుమన్నరు. కుట్టుమిషిన్ అమ్మేసి పోదామనుకుంటున్న."

"అట్లెందుకు బాపు?"

"ఎవలొస్తున్నరు చెప్పు? మొదట్ల ఆ నిజామాబాద్ మేడం రాసింది చూసి వస్తుండిరి. గిప్పుడు వాళ్లు గూడ బందైండ్రు."

"ఏ మేడం?"

"నీకు రెండుసార్లు చెప్పిన. నువ్వు ఫోన్ చూస్కుంట ఊఁ అన్నవు."

గ్లోరీకి ముఖం చెల్లలేదు. అప్పటికప్పుడు వెతికితే దొరికింది. కాళ్ల సమస్యలున్న పిల్లల తల్లిదండ్రుల కోసం సుమయ్యా అనే ఫిజియోథెరపిస్టు నడిపే సైటు అది. బూట్ల గురించి రాసిన చోట స్వామిదాసు పేజీకి లింకు ఉంది. నొక్కితే పేజీ దొరకలేదని వచ్చింది. చిరునామా మార్చింది తనే. పాత చిరునామాకు వచ్చినవాళ్లను కొత్తదానికి మళ్లించడం మరిచిందీ తనే.

మర్నాడు గది తలుపేసుకుని మొదటి నుంచీ చూసుకుంది. సెర్చ్ ఇంజన్ల లోపలి లెక్క బయటివాళ్లకు పూర్తిగా తెలియదు. కానీ పెద్దది మాత్రం మనం పెళ్లి సంబంధం విచారించినట్టే చేస్తోందని ఆమెకు తోచింది. పిల్లవాడి గురించి మేనమామను అడగం కదా, ఎదురింటివాళ్లను అడుగుతాం. ఇచ్చిపుచ్చుకున్న మాటలకు అక్కడ విలువ లేదు. అయినా కోళ్ల దాణా కొట్టుకు బూట్ల సంగతేం తెలుసు? రోజూ పిల్లల కాళ్లు పట్టి చూసే సుమయ్యా మాట వేరు. కొన్ని కంప్యూటర్లలో ముందే ఉండే రెండో సెర్చ్ ఇంజన్‌లో చూస్తే తండ్రి ఇంకా మొదటి పేజీలోనే ఉన్నాడు. అది లింకుల కన్నా పేజీలోని మాటలనూ ఊరి పేరునూ ఎక్కువ పట్టించుకుంటుందేమో, లేక పాత లెక్కనే పట్టుకుని కూర్చుందేమో, ఆమెకు తేలలేదు.

పాత చిరునామాను మళ్లించడం పావుగంట పని. లింకులు పీకడానికి మూడు రోజులు పట్టింది, ఎందుకంటే ప్రతి యజమానికీ ఫోన్ చేసి నచ్చజెప్పాలి. "మేమేం తప్పు జేసినమని తీస్తున్నవ్?" అని ఫంక్షన్ హాలు మహేశ్వరి అలిగి ఫోన్ పెట్టేసింది. చివరికి సుమయ్యాకు చేసింది.

"మా బాపును మీరెప్పుడు కలిసిండ్రు మేడం?"

"నేను కలువనే లేదు. మా దగ్గరికొచ్చే ఒక పిల్లగాడు ఓనాడు కుంటకుండ నడిచొచ్చిండు. బూట్లు ఎవలు కుట్టిన్రని అడిగి రాసిన."

గ్లోరీ ఫోన్ పెట్టేసి ఏడ్చింది. తండ్రి పని గొప్పదని నలభై మందితో చెప్పించబోయి, అడగకుండా చెప్పిన ఒక్కరి మాటనూ తానే మూసేసింది.

పెద్ద సెర్చ్ ఇంజన్ అంత తొందరగా కరగలేదు. ముప్పై ఒకటో తారీఖుకు తండ్రి పేరు మూడో పేజీ దాకా వచ్చింది, అంతే. ఆ పొద్దున గ్లోరీ ఎల్లారెడ్డి బస్సెక్కింది. షెడ్డులో తండ్రి ఎదుట నిలబడి, "నీ గిరాకి పోగొట్టింది నేనే బాపు" అని అంతా చెప్పేసింది. ఆయన ఏమీ అనకముందే, ఎనిమిదేళ్ల కూతుర్ని ఎత్తుకుని ఒకాయన లోపలికొచ్చాడు. పేరు లింబాద్రి, తాడ్వాయి నుంచి వచ్చాడు.

"మూడు దినాల సంది ఫోన్ల ఎతికిన, దొరకలే. నిన్న మా ఆఫీసు కంప్యూటర్ల కొడితే మీ పేరే ముందుగాల వచ్చింది" అన్నాడు.

స్వామిదాసు పిల్లను బల్ల మీద కూర్చోబెట్టి, పొట్టిగా ఉన్న కాలిని ఒళ్లోకి తీసుకుని చాలాసేపు కొలిచాడు. వాళ్లు వెళ్లాక మిల్లుకు ఫోన్ చేసి రానని చెప్పాడు. గ్లోరీకి భయం వేసింది.

"ఒక్క గిరాకితోటి ఎట్ల బాపు? మొదటి పేజీకి రానీకి ఇంకో నెల పడ్తదో రెండు నెలలు పడ్తదో."

"పడనియ్యి. ఆ పిల్ల ఎదుగుతది బిడ్డా. వచ్చే యాడాది గీ బూట్లు పట్టయి. నేను మిల్లు గేటు కాడ కూసుంటే అప్పుడెవలు కుట్టాలె?"