మరియామా తలకు రాసిన నూనె

దయ్యాలంటే నేను ఏనాడూ నమ్మలేదు. మా ఆయన పోయాక మూడు నెలలు ఆ ఇంట్లో ఒక్కదాన్నే పడుకున్నాను. ఒక్క చప్పుడు వినపడలేదు. వినపడినా బాగుండునని ఏడ్చాను కూడా. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే నా కూతురు సునీత రాస్తోంది. ఇందులో సగానికి అదే సాక్షి.

సునీత హామిల్టన్‌లో నర్సు. నేను అక్కడికి వచ్చిన రెండో చలికాలం అది. అప్పట్లో ఇండియాకి మాట్లాడాలంటే డెయిరీలో, అంటే అక్కడి వీధి చివరి చిల్లర కొట్లో, ఫోన్ కార్డు కొనుక్కోవాలి. ఆ కొట్లోనే మరియామా పరిచయమైంది. మా పక్కవీధిలోనే ఉండేది. ఆఫ్రికాలో సియెర్రా లియోన్ నుంచి వచ్చింది. ఆమెకూ మొగుడు లేడు. ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషే.

ఆమె దగ్గర ఒక చెక్క ముసుగు ఉండేది. ముఖానికి కట్టుకునేది కాదు, తల మొత్తం దూర్చుకునేది. ఒకే దుంగను లోపల డొల్లగా తొలిచి, ఆకు పసరుతో నల్లబరిచి, పామాయిలు రుద్ది నిగనిగలాడించారు. చెక్కేది మగవాడే అయినా, పెట్టుకుని ఆడేది ఆడవాళ్ళేనట, ఆడపిల్లలు పెద్దమనుషులయ్యే వేడుకలో. నోరు చిన్నగా ఉంటుంది, చూసిందల్లా బయట వాగకూడదని. మెడ మీద ముడతలు నిండైన ఒంటికి గుర్తు. నెత్తిన జడలైతే పాయ పాయ విడివిడిగా కనిపించేలా చెక్కారు.

జూలైలో, అక్కడ అది నడి చలికాలం, సునీత పనిచేసే హాస్పిటల్లోనే మరియామాకు గుండె ఆపరేషన్. ముందురోజు ఆ ముసుగును దుప్పట్లో చుట్టి, పెట్టెలో పెట్టి నాకిచ్చింది.

"గోడకి తగిలించకు. అది బొమ్మ కాదు. ఆడేటప్పుడు మా తల్లి దేవత అందులోకి వస్తుంది. నేనొచ్చేదాకా మూత తియ్యకు."

"నువ్వు రాకపోతే?" అని నోరు జారాను.

"నీకు నా పీడ వదుల్తుంది" అని పడీపడీ నవ్వింది.

చెమ్మ తగలకూడదని ఆ పెట్టెను హీటర్ పక్కన పెట్టాను. అదే నా బుద్ధితక్కువ. మర్నాడు పదకొండింటికి, పట్టపగలు, లోపల టప్‌మంది. తీసి చూస్తే మెడ వెనక సన్నటి చీలిక. అవతల ఆమెను కోస్తున్న వేళ. మా అత్తవారి వైపు, ఆయన పోయినప్పటి నుంచి ఏ పెళ్ళికూతురి తలకూ నన్ను నూనె పెట్టనివ్వలేదు. నా చెయ్యి మంచిది కాదన్నారు. ఆ క్షణంలో అది నిజమే అనిపించింది. నా చెయ్యే ఆమెను చంపుతోందనుకున్నాను.

ఏం చెయ్యాలో తోచలేదు. ఎండిపోయిన తలకు ఏం చేస్తామో అదే చేశాను. మెంతులు, గోరింటాకు వేసి కాచుకున్న నా కొబ్బరినూనె తెచ్చాను. ముసుగును మోకాళ్ళ మధ్య పెట్టుకుని, సునీతకు చిన్నప్పుడు చేసినట్టే జడపాయల మధ్య వేళ్ళు పెట్టి మర్దనా చేశాను. సగం సీసా అయిపోయింది. "బతుకు తల్లీ, బతుకు" అంటూనే ఉన్నాను.

చేతులు కడుక్కుని వచ్చి ముట్టుకుంటే చెక్క పొడిగా ఉంది. నేను తుడవలేదు. కింద దుప్పటి మీద చుక్క లేదు. పీల్చుకుందేమోలే అనుకుని మూత పెట్టాను.

నాలుగింటికి సునీత డ్యూటీ నుంచి వచ్చింది. భుజాన బ్యాగు తియ్యకుండా గుమ్మంలోనే నిలబడింది.

"అమ్మా, నువ్వు హాస్పిటల్‌కి వచ్చావా?"

"ఎట్లా వస్తానే, నాకేమన్నా కారు నడపడం వచ్చా?"

"మరి మరియామా ఆంటీ తలకి నీ నూనె ఎవరు పెట్టారు?"

ఆపరేషన్ బాగానే జరిగిందట. తలకున్న టోపీ తీస్తే జుట్టంతా నూనె, దిండు తడిసిపోయిందట. చూడ్డానికి ఎవరినీ లోపలికి పంపలేదని అక్కడి నర్సులు ఒట్టేసి చెప్పారట. సునీత తన వేళ్ళు నా ముక్కు దగ్గర పెట్టింది. మెంతులు, గోరింటాకు.

మూడోరోజు వెళ్తే, నేనింకా ఏమీ అడగకముందే మరియామా చెప్పింది. ఆపరేషన్ మత్తులో ఉండగా చలేసిందట. ఎవరో ఆడమనిషి మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని తల మర్దనా చేసిందట. నేను ఏడుస్తూ చీలిక సంగతి చెప్పేశాను.

"తియ్యొద్దన్నానుగా, మొండి ముండా!" అంది. అంటూనే నా రెండు చేతులూ తీసుకుని తన తల మీద పెట్టుకుంది.

తర్వాత ఆ ముసుగుకు నాచేతే నూనె రాయించేది. ఎన్నిసార్లు రాసినా చెక్క మెరుస్తుంది, అరచేతులు జిడ్డవుతాయి, కింద గుడ్డ తడుస్తుంది. ఏ చెక్కకైనా అంతే కదా. ఆ ఒక్క రోజు నూనె ఏ దారిన పోయిందని సునీత ఇప్పటికీ అడుగుతుంది. నాకు తెలిస్తేగా చెప్పడానికి.