మోతీ మెడలో తాయెత్తు

ముందే చెబుతున్నాను: ఈ కథలో వాదన నేనే గెలిచాను. నా కొంప మునిగింది కూడా అక్కడే.

కంచన్‌బాగ్‌లో మా ఇంటి కుక్క మోతీ. ఒక చెవి ఎప్పుడూ వాలి ఉండేది. సభకు ముందు నేను ఇంట్లో సాధన చేసే ఉపన్యాసాలకు అదొక్కటే శ్రోత. చప్పట్లు కొట్టకపోయినా మధ్యలో లేచిపోయేది కాదు. మనుషుల్లో అంత మర్యాద నేనింకా చూడలేదు.

ఒకరోజు దాని మెడలో తాయెత్తు కనిపించింది.

"ఏంది లక్ష్మీ ఇది?" అని మా ఆవిణ్ణి నిలదీశాను.

"గల్లీల పిచ్చికుక్క తిరుగుతుందంట. ఖాదర్ భాయ్ తెచ్చిచ్చిండు, కట్టిన."

నాకు పూనకం వచ్చింది, హేతువాదులకు వచ్చే రకం. కత్తెరతో దారం తెంపి, పక్కింటి ఖాదర్ భాయ్‌ని గోడ దగ్గరికి పిలిచాను.

"రోగం క్రిమితోటి వస్తది భాయ్! తాయెత్తును జూసి క్రిమి సలాం కొట్టి పోతదా?"

నా గొంతు చార్మినార్ దాకా వినిపించి ఉంటుంది. ఆయన ఓపికగా విన్నాడు.

"సరే అన్నా, నువ్వే గెలిచినవ్. మరి మోతీకి టీకా సూది ఏపిస్తవా?"

"రేపే!"

ఆ రేపు పత్తర్‌గట్టిలో నాకు సభ ఉంది, మూఢనమ్మకాల మీద. ఎల్లుండి ఇంకోటి. దారం తెంపగానే సూది కూడా వేయించినంత తృప్తి కలిగింది నాకు. లక్ష్మి గుర్తుచేసినప్పుడల్లా, "ఇంట్ల కుక్కనే గదా, ఏం ఫికర్?" అన్నాను. చూశారా, తాయెత్తు మెడలోంచి పోయి నా నోట్లోకి వచ్చింది.

తర్వాత గేటు దగ్గర ఓ వీధికుక్క మోతీని కరిచింది. చిన్న గాయం, మానిపోయింది, మరిచిపోయాం. కొన్ని వారాలకు మోతీ మంచం కింద దూరింది. అన్నం ముట్టలేదు. గొంతు మారింది. నోట్లోంచి చొంగ. బుజ్జగించబోతే నా చెయ్యి కొరికింది.

"నల్లా కింద పెట్టు చెయ్యి! సబ్బు పెట్టి బాగ కడుగు!" అని లక్ష్మి అరిచింది.

"నాకు తెల్వదా? ఎన్ని సభలల్ల చెప్పిన..."

"ఇంకా సభనేనా? నడువు దవాఖానకు!"

వెంటనే సూదులు మొదలుపెట్టారు, గాయంలోనూ మందు పొడిచారు.

"కుక్కకు టీకా ఏపిచ్చిన్రా?" అని అడిగింది నర్సమ్మ.

లక్ష్మి కళ్లు తుడుచుకుంటూ జవాబిచ్చింది: "లేదమ్మా. ఉపన్యాసం ఇచ్చిండు."

నేను బతికాను. మోతీకి ఇక ఏ మందూ పనిచేయదన్నారు. అది పోయింది.

అందుచేత ఇందుమూలముగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ కుక్క మెడలో తాయెత్తు చూసినా, ముందు దానికి సూది వేయించి, తర్వాతే కత్తెర ముడతాను. ఈ మాట ఇంట్లో గట్టిగా చదివి సాధన కూడా చేశాను. మధ్యలో లేచిపోకుండా వినే శ్రోత లేదు.