గొయ్యి ఉందని అరిచాను

మా పెద్దమ్మాయి పోయి ఈ ఆదివారానికి పదహారు రోజులు. జ్వరం మెదడుకెక్కిందన్నారు. నాలుగో రోజుకి పిల్ల లేదు. ఇరవై రెండేళ్ళది. పుట్టుకతోనే చూపు లేదు. లాంగ్ జంప్ చేసేది. పలకరించడానికి కలకత్తా ఓడరేవు క్వార్టర్స్‌లో ఉండే మన తెలుగువాళ్ళంతా వచ్చి, అది దూకిన పోటీ మాటే ఎత్తి ఏడుస్తూనే నవ్వారు. ఆ పోటీలో తప్పు చేసింది నేనే కాబట్టి నేనే రాస్తున్నాను.

మా గార్డెన్ రీచ్‌లో రోడ్డంటే గోతులే. మా పిల్ల నా ఎడమ భుజం పట్టుకుని నడిచేది. నేను "గొయ్యి" అంటే అక్కడే ఆగిపోయేది. "నీకు ఇంకో మాట రాదేటే అమ్మా!" అని వెక్కిరించేది.

పోటీలో వాళ్ళ కోచ్, పిల్లలంతా దిది, అంటే అక్కా అని పిలిచే ఆవిడ, ఇసక గొయ్యి అవతల నిలబడి చప్పట్లు కొడుతుంది. ఆ చప్పుడు పట్టుకుని పరిగెత్తి దూకాలి. అందుకే చూసేవాళ్ళు కిక్కురుమనకూడదు. ఆడపిల్లలందరికీ కళ్ళకి గంతలు కట్టారు.

"చూపే లేని పిల్లకి గంతలేటమ్మా?" అన్నాను.

"కొందరికి కాస్త వెలుగు తెలుస్తుంది మాసీమా. అందరూ సమానం కావాలి కదా," అంది దిది. మాసీమా అంటే పిన్ని.

మూడే అవకాశాలు. మొదటిసారి మా పిల్ల బాణంలా వస్తోంది. ఎదురుగా అంత గొయ్యి! నా నోరు నా మాట వినలేదు.

"గొయ్యే! గొయ్యి!"

ఠక్కున ఆగిపోయింది. రెండోసారి పెదాలు బిగబట్టాను. అయినా "గొ" అని సగం వచ్చేసింది. ఆ సగానికే ఆగింది.

జెండా పట్టుకున్న పెద్దమనిషి వచ్చి, "మాసీమా, ఇక గేటు బయటికి నడవండి," అన్నాడు.

"దాదా, అమ్మని ఉండనీయండి," అని బెంగాలీలో బతిమాలి, మా పిల్ల గంతలతోనే నా వైపు తిరిగింది. "అమ్మా, కొంగు నోట్లో కుక్కుకో. ఈ ఒక్క గొయ్యి నాకు కావాలే."

కుక్కుకుని కళ్ళు మూసుకున్నాను. చప్పట్లు. అడుగులు. తర్వాత ఏ చప్పుడూ లేదు. కళ్ళు తెరిస్తే, నోట్లో ఇసక ఉమ్ముకుంటూ అరుస్తోంది:

"అమ్మా, గోతిలో పడ్డానే!"

నాలుగో స్థానం వచ్చింది. పతకం లేదు. బస్సులో నా చెవిలో అంది: "కలకత్తా మొత్తంలో నన్ను ఆపగలిగేది నీ గొంతొక్కటేనే."

ఆసుపత్రిలోనూ పిలిచాను. ఆగలేదు.

నిన్న బజారుకెళ్తుంటే, పైపులకని కొత్తగా తవ్విన కాలవ అడ్డమొచ్చింది. "గొయ్యి," అన్నాను. భుజం మీద బరువు లేదు. కాసేపు నిలబడ్డాను. తర్వాత కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దూకాను. ఇటుపక్క పడి చూసుకుంటే, ఒక చెప్పు అటే ఉండిపోయింది.