హెల్మెట్ పాపకు టిక్కు

రెండో పీయూసీ, అంటే ఇంటర్ రెండో ఏడాది, పరీక్షలకు ముందు, ఏం చదవాలో తేల్చుకోలేని పిల్లలకు దారి చూపడానికి బెంగళూరు నుంచి ఒక మేడమ్ వై.ఎన్.హొసకోటలోని మా కాలేజీకి వచ్చి బొమ్మల పుస్తకాలు పంచింది. నేను తేల్చుకోలేని పిల్లను కాను. పావగడలో బి.ఏ. చేరి, కథలూ నవలలూ చదవడమే పనిగా పెట్టుకోవాలని ఎప్పుడో అనుకున్నాను. కానీ అడిగినప్పుడు నోరు విప్పలేదు కాబట్టి నన్నూ ఆ వరుసలోనే కూర్చోబెట్టారు.

పుస్తకంలో కళ్ళూ మీసాలూ ఉన్న ఒక దిక్సూచి, పల్లెటూరి పిల్ల వెంటపడి ప్రశ్నలు అడుగుతూ ఉంటుంది. ఆమెది పల్లెటూరని తెలియడానికి ఇంటి ముందు కొబ్బరిచెట్లూ, పారే వాగూ గీశారు. మా ఊరు రాయచెర్లులో వాగు పారగా చూసినవాళ్ళుంటే వాళ్ళనూ బొమ్మలో వేయాల్సిందే. జవాబును బట్టి ఒక్కో పేజీకి వెళ్ళాలి. 'నలుగురిలో ధైర్యంగా మాట్లాడగలవా?' అని దిక్సూచి అడిగింది. లేదన్నాను. తీసుకెళ్ళి కుట్టుమిషన్ ముందు కూర్చోబెట్టింది. వెనక్కి వచ్చి వేరే దారి పట్టాను. పుస్తకాలు ఇష్టమంటే బ్యాంకు పేజీకి పంపింది. అక్కడా మాట్లాడగలవా అనే ప్రశ్నే. మళ్ళీ కుట్టుమిషన్.

చివరి పేజీలో, నచ్చిన ఉద్యోగం బొమ్మకు టిక్కు పెట్టి పెద్దవాళ్ళ సంతకం తీసుకురమ్మన్నారు. ఆ బొమ్మల్లో ఒక పాప హెల్మెట్ పెట్టుకుని, ల్యాప్‌టాప్ పట్టుకుని సోలార్ ప్యానెళ్ళ మధ్య నవ్వుతోంది.

సోలార్ కంపెనీకి భూములు లీజుకు అడిగిన రోజుల్లోనూ మా ఊరికి ఇలాంటి నున్నటి కాగితాలే వచ్చాయి. వాటి మీద హెల్మెట్ పెట్టుకున్న కుర్రవాడు నవ్వుతుండేవాడు. మధ్యవర్తిగా తిరిగిన ఎవరో ఆ బొమ్మ మీద వేలు పెట్టి, ఇంటికో ఉద్యోగం అన్నారు. కాగితంలో ఆ మాట లేదు, బొమ్మ ఉంది. ఊరికి అది చాలింది. మా పొలంలో ప్యానెళ్ళు లేచాయి, నాయన గొర్రెలు కొన్నాడు, అమ్మ ఆ ప్యానెళ్ళ కిందే గడ్డి కోసే కూలికి పోతోంది. హెల్మెట్ మాత్రం రాలేదు.

"ఇన్నాళ్ళకు కంపెనీవాళ్ళకు గుర్తొచ్చినాము," అన్నాడు నాయన పుస్తకం చూసి. "దీనికే టిక్కు పెట్టు మే."

అమ్మ వంగి చూసింది. "ఈ పాపను నేను ఆడ యాడా చూడలేదు. మేము గడ్డి కోసి వచ్చేసినాక వస్తాదేమో."

"నువ్వు తలెత్తి చూస్తే కదా కనపడేది."

"తలెత్తితే మేస్త్రీ ఊరుకుంటాడా."

నా బి.ఏ. గొంతులోనే ఉండిపోయింది. టిక్కు పెట్టాను. నాయన సంతకం చేశాడు.

తర్వాతి వారం తల్లిదండ్రులను కాలేజీకి పిలిచారు. మేడమ్ ముఖం వెలిగిపోతోంది. ప్యానెళ్ళున్న ఊళ్ళ పిల్లలందరి పుస్తకాల్లోనూ అదే టిక్కు. మిక్సీ చప్పుడుకే ఉలిక్కిపడే నా పక్క బెంచీ పిల్ల కూడా హెల్మెట్ పాపే. "ఇంత స్పష్టమైన లక్ష్యం నేను ఏ తాలూకాలోనూ చూడలేదు," అని మేడమ్ మా చేత చప్పట్లు కొట్టించింది. పెద్దవాళ్ళూ కొట్టారు. కొందరు లీజు పత్రాల జిరాక్సులు ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకుని వచ్చారు.

చప్పట్లు ఆగాక నాయన లేచాడు. "చేరేది ఎప్పుడు మేడమ్మా?"

"ఎందులో?" మేడమ్‌కు తెలుగు వచ్చు.

"ఉద్యోగంలో. టిక్కు పెట్టినాము, సంతకం చేసినాము. పొలం సర్వే నంబరు కూడా తెచ్చినా."

ఆమెకు సంగతి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. "ఇది ఉద్యోగం ఇచ్చే పుస్తకం కాదండీ. పిల్లలు కలలు కనడానికి."

"కలలకు సంతకమెందుకప్పా," అన్నారెవరో వెనక నుంచి. గది అంతా నవ్వింది. నాయన నవ్వలేదు. పుస్తకం తీసుకెళ్ళి ఆమె బల్ల మీద పెట్టాడు.

"ఒకసారి బొమ్మ చూసి పొలం ఇచ్చినాము. ఈసారి మా పాపను ఇయ్యలేము," అన్నాడు.

కళ్ళూ మీసాలూ ఉన్న దిక్సూచి అట్ట మీద నుంచి నవ్వుతూనే ఉంది. మేడమ్ దాన్ని బోర్లించింది.

ఇంటికి బైకు మీద బయలుదేరాం. దారికి రెండు వైపులా ప్యానెళ్ళు, ఎదురుగాలి.

"ఉద్యోగమే లేనప్పుడు ఏం చదివితే ఏముండాది," అన్నాడు నాయన. "నువ్వేం చదువుతావో చెప్పు."

"బి.ఏ.," అన్నాను.

"గాలికి వినపడలేదు. గట్టిగా చెప్పు మే."

గట్టిగా చెప్పాను.

"దాంతో ఏమొస్తాది?"

"కథలు చదవొచ్చు." ఎంత గట్టిగా అన్నానంటే, గొర్రెలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన తల తిప్పి చూశాడు.

ఊరి దగ్గర నాయన బండి నెమ్మది చేసి, "పావగడకు పొద్దున్నే బస్సు ఉండాదా?" అని అడిగాడు.