వాన కోసం ఆగిన చేపలు

పులస గోదావరికి ఎదురీదుతుందని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినదాన్ని. మా ఆత్రేయపురం వైపు ఎర్రనీరు రాగానే ఊరంతా దాని మాటే. సముద్రం నుంచి వచ్చే ఆ చేప ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఏమవుతుందని మాత్రం నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు నేనుండే పార్సిప్పనీలో కూర్చుని, సియాటిల్‌లో ఉండే నా స్నేహితురాలు స్వరూప పంపిన వీడియో చూసినప్పుడే ఆ ప్రశ్న పుట్టింది. మోకాళ్లదాకా రబ్బరు బూట్లేసుకుని ఒక వాగులో నిలబడి ఉంది. "ఇక్కడ మీ పులస లెక్క ఎదురీదే సాల్మన్ చేపల కోసం వాగునే మళ్ల మొదటిలెక్క చేస్తున్నరు. అక్టోబర్‌ల వస్తవా?" అంది. సెలవులు మిగిలి ఉన్నాయి. టికెట్ బుక్ చేశాను.

శుక్రవారం పొద్దున ఏడింటికి నెవార్క్‌లో ఎక్కిన విమానం అక్కడి సమయం పదింటికి సియాటిల్‌లో దించింది. స్వరూప ఎయిర్‌పోర్ట్‌కి వచ్చింది. ఎడ్మండ్స్ దాకా డ్రైవ్ చేసి, కార్‌తో సహా ఫెర్రీ ఎక్కాం. శుక్రవారం వెళ్లేవాళ్లు కాస్త ముందే క్యూలో చేరడం మంచిది. మేము ఒక ఫెర్రీ వదులుకోవలసి వచ్చింది. అరగంట ప్రయాణం. పైన డెక్ మీద రిటైరైన పోస్ట్‌మన్ ఒకాయన పలకరించాడు. ఎందుకు వెళ్తున్నామో చెబితే ఆకాశం వంక చూసి, "ఈసారి వాన ఆలస్యమైంది. చేపలు నది మొగలోనే తిరుగుతున్నాయి. నీళ్లు లేనిదే పైకి ఎలా పోతాయి?" అన్నాడు.

అవతలి గట్టు నుంచి పడమరగా రెండు గంటలు. చిన్న ఊళ్లో మోటెల్, గదిలో మైక్రోవేవ్ ఉంది. స్వరూప తెచ్చిన పులిహోరతో రాత్రి భోజనం అయిపోయింది.

శనివారం ఎనిమిదిన్నరకి వాగు దగ్గరున్నాం. మాలా సాయానికి వచ్చినవాళ్లకి పని చూపించే ఆవిడ పేరు డార్లీన్. ఆ నది ఒడ్డున తరతరాలుగా ఉంటున్న ఆదివాసీ తెగ మనిషి, తెగ నడిపే చేపల విభాగంలో ఉద్యోగం. "ఎప్పుడో ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందంలో మా వాళ్లు భూమి ఇచ్చేశారు, చేపలు పట్టుకునే హక్కు ఉంచుకున్నారు. చేపలే లేకపోతే ఆ హక్కుతో ఏం చేసుకోవాలి?" అంది, మా చేతికి గ్లవ్స్ ఇస్తూ.

వాగులో పెద్ద పెద్ద దుంగలు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. వరదకి కొట్టుకొచ్చాయనుకున్నాను. కాదట, క్రేన్‌తో దింపి పెట్టినవట. ఒకప్పుడు చేపలకి అడ్డమని అధికారులే ఇలాంటి దుంగల్ని ఏరి పారేయించారు. దాంతో నీళ్లు జోరందుకుని, చేపలు గుడ్లు పెట్టే గులకరాళ్లన్నీ కొట్టుకుపోయాయి. ఇప్పుడు దుంగల వెనక నీరు నెమ్మదించి, చిన్న మడుగులు కట్టి, గులక మళ్లీ నిలుస్తోంది.

వాగు పారే పొలం గ్లెన్ అనే రైతుది. ఆవుల్ని పెంచుతాడు. ఎండుగడ్డికి ఎక్కువ నేల దొరుకుతుందని అతని తండ్రి బుల్‌డోజర్ పెట్టి వాగుని తిన్నగా చేశాడు. డార్లీన్ చాలా ఏళ్లు అడిగినా గ్లెన్ ఒప్పుకోలేదు. చివరికి ఆ తిన్నని వాగే వరదల్లో అతని గట్టు కోసుకుపోవడం మొదలుపెట్టాక, తనే వెళ్లి ఆమె ఆఫీస్ తలుపు తట్టాడు. రెండు వైపులా కొంత నేల వదిలాడు. పోయిన వేసవిలో వాగుకి పాత వంపులు తిరిగొచ్చాయి. చేపలు రావలసిన మొదటి సీజన్ ఇదే.

మేము గట్టు మీద, వేళ్లూని మట్టిని పట్టి ఉంచే విల్లో చెట్టు కొమ్మలు గుచ్చుతుండగా ట్రాక్టర్ చప్పుడైంది. గ్లెన్ గొలుసుతో వచ్చాడు. చెట్లు కొరికి నీళ్లకి కట్ట కట్టే బీవర్ ఒకటి కొత్త వాగులో కాపురం పెట్టింది. దాని కట్ట వల్ల గడ్డిపొలంలో ఓ మూల మునిగింది. ఆ గొలుసు కట్టని లాగేయడానికి.

"వాగుకి వంపులిస్తానన్నాను. ఈ జంతువుకి పొలమిస్తానని అనలేదు" అన్నాడు. "పైగా నీ చేపలకే అడ్డం."

"అడ్డం కాదు" అంది డార్లీన్. "నీరు పెరిగితే దాటుతాయి. వాటి పిల్లలు వేసవిలో బతికేది ఇలాంటి మడుగులోనే."

"దాటకపోతే?"

"ఒక్క వాన పడనీ. అప్పటికీ దాటకపోతే ఆ కట్ట పీకడానికి అనుమతులు నేనే తెస్తాను."

"లొల్లి అయితదేమో" అని స్వరూప నా చెవిలో గొణిగింది. లొల్లి కాలేదు. గ్లెన్ నీళ్ల వంక చూసి, "ఒక్క వాన" అని ట్రాక్టర్ తిప్పుకుపోయాడు. డార్లీన్ మళ్లీ కొమ్మలు గుచ్చడంలో పడింది.

మధ్యాహ్నం తెగవాళ్ల హాల్లో భోజనం. ఆల్డర్ అనే చెట్టు కట్టెల సెగ మీద కాల్చిన సాల్మన్. ముళ్లు తక్కువ, పొగ వాసన కమ్మగా ఉంది. స్వరూప బ్యాగ్‌లోంచి ఆవకాయ తీసింది. డార్లీన్ రుచి చూసి, గ్లాసుడు నీళ్లు తాగి, మళ్లీ వేయమంది. నేను పులస గురించి, ధవళేశ్వరం ఆనకట్ట గురించి చెప్పాను.

"ఆనకట్ట దగ్గర ఆగిపోయాక అవి ఎక్కడ గుడ్లు పెడతాయి?" అని డార్లీన్ అడిగింది.

తెలియదన్నాను. అలా అనడానికి సిగ్గేసింది.

సాయంత్రం నుంచి వాన పట్టుకుంది. ఆదివారం మధ్యాహ్నం నా విమానం. "ఫెర్రీ మిస్సయితే నాది జిమ్మేదారి కాదు" అంటూనే స్వరూప ఆ రోజు తెల్లారగానే కార్ వాగు వైపే తిప్పింది. మాకన్నా ముందే గ్లెన్ అక్కడున్నాడు, ఫ్లాస్క్‌తో, తడుస్తూ. డార్లీన్ కొంచెం ఎడంగా నిలబడి ఉంది. వాగు టీ రంగులోకి తిరిగి ఉబ్బింది. ఎంతసేపు చూసినా నురగ తప్ప ఏమీ లేదు. గ్లెన్ రెండుసార్లు పొలం వైపు తిరిగి చూశాడు.

అప్పుడు కట్ట కింద ఒక నల్లటి వీపు లేచింది. పక్కలు ఎర్రగా ఉన్నాయి. ఎగిరి, కొమ్మలకి తగిలి, వెనక్కి పడింది. మళ్లీ ఎగిరి మళ్లీ పడింది. తర్వాత కట్ట చివర, గడ్డి మీదుగా నీళ్లు పొర్లే చోటు వెతుక్కుంది. సగం ఒళ్లు గాలిలో ఉండగానే పాకినట్టు కొట్టుకుంటూ పైకి చేరి, మడుగులోకి జారిపోయింది. కాసేపటికి ఇంకొకటి.

"రెండోది ఆడది" అంది డార్లీన్.

గ్లెన్ టోపీ తీసి నీళ్లు దులుపుకున్నాడు. "నేను పుట్టాక ఈ పొలంలో చేపని చూడటం ఇదే మొదటిసారి" అన్నాడు. టోపీ మళ్లీ పెట్టుకుని, "నా గడ్డి ఇంకా నీళ్లలోనే ఉంది" అన్నాడు.

"తెలుసు. మడుగు మట్టం తగ్గించే పైపు ఒకటి వేయొచ్చు. మంగళవారం వస్తాను, మాట్లాడుకుందాం."

అతను ఫ్లాస్క్ మూతలో కాఫీ పోసి ఆమెకిచ్చాడు.

ఫెర్రీ దొరికింది. విమానమూ దొరికింది. తలుపులు మూసే ముందు స్వరూప మెసేజ్ వచ్చింది: "డార్లీన్ ఫోన్ చేసింది. గ్లెన్ వాగు పక్కన ఫెన్స్ పీకి, మడుగుకు జాగ ఇడిసి వెనకకు జరుపుతున్నడంట. ఎవ్వరు చెప్పలేదంట."

పక్క సీటాయన నా బురద బూట్లు చూసి ఎక్కడికి వెళ్లొచ్చారని అడిగాడు. మొత్తం చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"ఆ మొదటి చేప ఇప్పుడేమవుతుంది?"

"అది మగది. ఆడది పెట్టిన గుడ్లని ఫలదీకరించి, కొద్దిరోజుల్లో చనిపోతుంది. పిల్లలు ఏడాది పైన వాగులో పెరిగి సముద్రానికి పోతాయి. బతికి తిరిగొచ్చేసరికి మూడేళ్లవుతుందట."

ఆయన వేళ్ల మీద ఏళ్లు లెక్కపెట్టాడు. "అన్నాళ్లూ పొలంలో నీళ్లు ఆ రైతు భరిస్తాడంటారా?"

"అదెవరికీ తెలియదు" అన్నాను. "ఇవాళైతే ఫెన్స్ జరుపుతున్నాడు."