దుప్పట్ల బీరువా ముందు

కృపగల దేవునికి స్తోత్రం. తల్లి గర్భంలోనే నన్ను ఎరిగిన ఆయనకు నేను దాచినదంతా తెలుసు. తెలియనిది ఇది చదివే మీకే. ఏళ్ల తరబడి ఈ బరువు నా గుండెల మీద ఉంది. ఈ పరాయి దేశంలో మా సంఘం సిటీవెస్ట్‌లో ఒక అద్దె హాల్లో కూడుకుంటుంది. సాక్ష్యాల సమయంలో ఈ సంగతి చెబుదామనే చాలాసార్లు లేచాను. ఇంకేదో మేలు చెప్పి కూర్చున్నాను.

మెయ్‌నూత్ అనే ఊరి దగ్గర ఒక వృద్ధాశ్రమంలో నేను ముసలివాళ్లను చూసుకునే కేరర్‌ని. ఒకప్పుడు అది కన్యాస్త్రీల మఠం. చాపెల్‌లో, అంటే లోపలి చిన్న ప్రార్థనాలయంలో, గోడ నిండా బరోక్ కాలపు తైలవర్ణ చిత్రం ఉంది. చావుకు దగ్గరైన ఒక ముసలి భక్తుడికి క్యాథలిక్ గురువు సత్ప్రసాదం ఇస్తుంటాడు. చుట్టూ చీకటి, ధూపం పొగ. ఒక్క కొవ్వొత్తి వెలుగు గురువు బంగారు వస్త్రం మీద కరిగి కిందికి జారుతున్నట్టుంటుంది.

అక్కడ ఉండే బ్రీడా అనే పెద్దావిడకు చూపు పూర్తిగా పోయింది. అయినా రోజూ టీ తాగాక తన చక్రాల కుర్చీని ఆ చిత్రం ముందుకు తోయమనేది. చిన్నప్పుడు వాళ్లమ్మ ఆ చాపెల్ నేల తుడుస్తుంటే తను దాని కింద కూర్చునేదట. ఆ కొవ్వొత్తి వెలుగు ఇప్పటికీ ముఖానికి తగులుతుందనేది.

పటాల ముందు సాగిలపడకూడదని నేను అక్షరాలు రాకముందే నేర్చుకున్నాను. ఒక మనిషిని నా చేతులతో విగ్రహం దగ్గరికి తోసుకెళ్లడం పాపం కాదా? ఆ పని నాకు వద్దని మేనేజర్‌తో చెప్పవచ్చు. వర్క్ పర్మిట్ వచ్చి అప్పటికి ఎంతో కాలం కాలేదు, ఉద్యోగంతో పాటు అదీ పోతుందేమోనని భయం. చెప్పలేదు. ఒక మధ్యాహ్నం చాపెల్ దాకా వెళ్లకుండా, నడవా మలుపులో దుప్పట్లు పెట్టే బీరువా ముందు కుర్చీ ఆపి, వచ్చేశామన్నాను.

ఆ తర్వాత నా డ్యూటీ ఉన్నప్పుడల్లా అక్కడే. ఆమె బీరువా తలుపుల వైపు ముఖమెత్తి పెదవులు కదిపేది. వెనక నిలబడి నేను ఆమె ఆత్మ కోసం ప్రార్థించేదాన్ని. నిజంగానే ప్రార్థించాను. కిటికీ బయట సన్నటి వాన చప్పుడు లేకుండా పడుతుంటే, మేమిద్దరం ఏ దేశంలోనూ లేనట్టు, నీటి అడుగున ఎక్కడో ఉన్నట్టు అనిపించేది. నాకు హాయిగా కూడా ఉండేది. అది తలచుకుంటేనే ఇప్పుడు ఎక్కువ భయం.

ఒకరోజు ఆమె గట్టిగా గాలి పీల్చింది.

“ఉతికిన బట్టల వాసనొస్తోంది పిల్లా. బలిపీఠం గుడ్డలు మార్చారా?”

“మార్చారు.”

“మంచిదే. మా కాలంలో ఫాదర్ అవి చిరిగేదాకా మార్చనిచ్చేవాడు కాదు.” నవ్వింది. “కాస్త దగ్గరికి తొయ్యి. ఫ్రేము ముట్టుకుంటాను. మా అమ్మ ముట్టుకోనిచ్చేది కాదు.”

ఆమె చెయ్యి పట్టుకుని బీరువా తలుపు అంచు మీద పెట్టాను. వేళ్లు చెక్క మీద మెల్లగా పాకాయి. ఆగాయి.

“ఇంత నున్నగా ఉంటుందనుకోలేదు.” ఆ వేళ్లను పెదవులకు ఆనించుకుంది. “గ్రాండ్, చాలా బాగుంది. థాంక్యూ, లవ్. అడిగితే అందరూ తీసుకురారు.”

ఆ వారంలోనే కన్నుమూసింది.

ఆమెకు తెలిసిపోయిందా? తెలిసీ, నన్ను నొప్పించడం ఇష్టం లేక అలా అందా? గుడ్డివారిని దారి తప్పించేవారి మీద ధర్మశాస్త్రంలో ఉన్న శాపం నేను చదవనిది కాదు. ఒక ఆజ్ఞను పట్టుకుని ఇంకొకదాన్ని వదిలేయమని నాకెవరు చెప్పారు? విశ్వాసం కోసం చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కాదు. ముఖాన కాదనే ధైర్యం లేక చేశాను.

ఆమె పోయాక ఆ చిత్రాన్ని మొదటిసారి నిదానంగా చూశాను. భక్తుడి కళ్లు మూసుకుని ఉన్నాయి. తనంతట తాను నిలబడలేడు. ఇద్దరు అతని చంకల కింద చేతులు వేసి ముందుకు తెస్తున్నారు. వాళ్ల ముఖాలు చీకట్లో కలిసిపోయాయి. చేతులు మాత్రం కనిపిస్తాయి. అది నా పని. నేను రోజూ చేసే పని.

పటం ముందు మోకరించడానికి నా మనస్సాక్షి ఇప్పటికీ ఒప్పదు. ఆమెను మోసగించినందుకు ఇప్పటికీ శాంతి లేదు. క్షమించామని మీరు చెప్పనక్కర్లేదు, ఆ మాట అనవలసిన మనిషి లేదు. చెప్పాను, అంతే. బరువు కొంచెం కిందికి దిగినట్టుంది. సహోదరీ, సహోదరుడా, రేపు పొద్దున ఇంకొకరు నా చేతిలో చెయ్యి పెడతారు. వాళ్లు అడిగిన చోటికే తీసుకెళ్లేలా నాతో కలిసి ప్రార్థించండి.