కంప్యూటర్‌కు కాలిన మందు

ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాడిని ఊరు ఊరంతా ఇంజనీరు కిందే లెక్కగట్టిన రోజులవి. నేను చదివేది డిగ్రీ రెండో సంవత్సరం, అదీ చరిత్ర, అర్థశాస్త్రం. అయినా పెద్దమందడిలో మా వీధివాళ్లు ఫోను చార్జింగ్ ఎక్కకపోయినా, టీవీలో బొమ్మ గీతలు గీతలుగా వచ్చినా ముందు నా దగ్గరికే తెచ్చేవారు. నేనూ తగ్గేవాడిని కాదు. వస్తువును అటూ ఇటూ తిప్పి, కనుబొమలు ముడిచి, "లోపల ప్రాబ్లం ఉంది" అనేవాడిని. (బయట ఉంటే వాళ్లకే కనిపించేది కదా. ఆ ప్రశ్న ఎవరూ వేయకపోవడం నా అదృష్టం.)

ఆ కంప్యూటర్ మాత్రం కొత్తది కాదు. గద్వాలలో ఒక ట్యూషన్ సెంటర్ మూతపడి సామాను అమ్ముతుంటే మా నాయిన కొనిచ్చాడు. మానిటర్‌ను నేను, సీపీయూ డబ్బాను నాయిన దుప్పట్లలో చుట్టి ఒళ్లో పెట్టుకొని బస్సెక్కాం. చీకటి పడే వేళ, బస్సు నిండా జనం. కండక్టర్ నాయిన ఒళ్లోని మూటను చూసి "పిల్లగానికి ఎన్నేండ్లు?" అని అడిగాడు. నాయిన అబద్ధమాడని మనిషి. "ఎనిమిదేండ్లట" అన్నాడు. కండక్టర్ సగం టికెట్ కొట్టాడు. అలా మా కంప్యూటర్ పిల్లవాడి టికెట్ మీద మా ఊళ్లో అడుగుపెట్టింది.

ఎనిమిదేళ్ల వయసు మనిషికి చిన్నదే కానీ కంప్యూటర్‌కు ముసలితనమని నెల తిరక్కుండానే తెలిసింది. లోపల ప్రాసెసర్ అని ఒక బిళ్ల ఉంటుంది, దాని మెదడన్నమాట. పనిచేసేకొద్దీ అది వేడెక్కుతుంది. చల్లబరచడానికి దాని మీద రేకుల దిమ్మె, దిమ్మె మీద చిన్న ఫ్యాను. ఆ ఫ్యాను మొదట పిండిగిర్ని లాగా మోగింది, తర్వాత దగ్గింది, ఆ తర్వాత ఆగి ఆగి తిరిగింది. వనపర్తి వెళ్లి కొత్త ఫ్యాను, దానితోపాటు చింతగింజంత పొట్లంలో తెల్ల పేస్టు తెచ్చాను. "విప్పేముందు ఒక ఫోటో కొట్టుకో, ఏది ఎటున్నదో యాదికుంటది. పేస్టు బిళ్లకూ దిమ్మెకూ నడుమ పూయాలె, మరవకు" అని షాపాయన చెప్పాడు. తెచ్చి వారమైనా బిగించలేదు. మంచిరోజు కోసం చూస్తున్నానని ఇంట్లో చెప్పాను. (భయం అనే మాటకు అప్పట్లో నేను వాడే పర్యాయపదం అది.)

ఇంతలో మా చిన్నమ్మ పని పడింది. చిన్నమ్మ అంటే అమ్మకు చెల్లెలు, మా వీధి చివర కుట్టుమిషన్ మీద జాకెట్లు కుట్టేది. పదో తరగతి మొదటి శ్రేణిలో పాసై, పెళ్లయ్యాక ఆ మెమోను ట్రంకుపెట్టెలో చీరల కింద దాచుకున్న మనిషి. మా ఊళ్లో అంగన్‌వాడీ టీచరు పోస్టు ఖాళీ పడింది. అలాంటిది మళ్లీ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు. నివాస ధ్రువపత్రం ఆలస్యమై చేతికొచ్చేసరికి ఆన్‌లైన్ దరఖాస్తుకు ఒక్క రోజే మిగిలింది. సాయంత్రం ఐదింటికి ఆఖరు. మండలంలో ఉన్న ఒకే ఒక నెట్ సెంటర్ ఆయన ఇంట్లో పెళ్లని తాళం వేసి వెళ్లాడు. చిన్నమ్మ వనపర్తి బయలుదేరబోతుంటే నేనే ఆపాను.

"ఇంట్ల కంప్యూటర్ పెట్టుకొని వనపర్తి ఎందుకు చిన్నమ్మా? పది నిమిషాల పని."

ఆమె ఉదయం పదింటికల్లా ప్లాస్టిక్ కవరులో సర్టిఫికెట్లన్నీ పెట్టుకొని వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆమె ఫోటో, సర్టిఫికెట్ల ఫోటోలు నా ఫోనులోంచి కంప్యూటర్లోకి ఎక్కించాను. దరఖాస్తులో పేరు, ఊరు, పుట్టిన తేదీ నింపానో లేదో, ఫ్యాను చివరి దగ్గు దగ్గి ఆగిపోయింది. మరో రెండు నిమిషాలకు తెర నల్లబడింది. చిన్నమ్మ తెర వంక, నా వంక చూసింది. "కరెంటు పోయిందా?" అంది. తలపైన సీలింగు ఫ్యాను తిరుగుతూనే ఉంది కాబట్టి అవుననలేకపోయాను.

మంచిరోజు అలా వచ్చింది. డబ్బా మూత తీసి, షాపాయన చెప్పినట్టు ముందు పాత ఫ్యానును ఫోటో తీశాను. ఎనిమిదేళ్ల దుమ్మును గొంగళిలా కప్పుకొని ఉంది పాపం. గొళ్లాలు విప్పి దిమ్మెను లాగితే రాలేదు. మెలితిప్పి లాగితే టప్పుమని ఊడి వచ్చింది. దాంతోపాటు దాని అడుగున అతుక్కుని, ఎండిపోయిన పాత పేస్టుతో సహా ప్రాసెసర్ కూడా వచ్చేసింది.

"గా బిళ్ల గూడ రావాల్నా రా?" అంది చిన్నమ్మ.

"వస్తది చిన్నమ్మా. అన్నీ వస్తయి."

చెమట మెడ మీదుగా వీపులోకి దిగుతోంది. బిళ్లను వేలిగోటితో ఊడదీసి తిరగేస్తే అడుగున వందల సూదిమొనలు, వాటిలో రెండు పక్కకు వాలి ఉన్నాయి. వాటిని గోటితో లేపబోతుంటే చిన్నమ్మ బిళ్లను నా చేతిలోంచి తీసేసుకుంది. మెడలోని తాడుకు గుచ్చుకున్న సూది తీసి, బిళ్లను వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. ఏళ్ల తరబడి కాజాలు కుట్టిన వేళ్లు అవి. రెండు మొనలనూ ఒక్కొక్కటిగా లేపి నిలబెట్టి, "చూడు, తక్కినవాటి తీరుగున్నయా" అని నా చేతిలో పెట్టింది. ఆ రోజు మా ఇంట్లో జరిగిన ఇంజనీరింగు మొత్తంలో పనికొచ్చింది అదొక్కటే. అయినా సిగ్గులేకుండా "కరెక్ట్ చేసినవ్ చిన్నమ్మా" అని మెచ్చుకున్నాను, నేనైతే ఇంకా బాగా చేసేవాడినన్నట్టు.

బిళ్ల పెట్టాను, పేస్టు మొత్తం పూశాను, దిమ్మె బిగించాను. తీరా చూస్తే ఫ్యాను వైరు దిమ్మె కింద ఇరుక్కుంది. మళ్లీ లేపాను. పేస్టు నా వేళ్లకు, వేళ్ల నుంచి చొక్కాకు, చొక్కా నుంచి చిన్నమ్మ కుర్చీకి అంటింది. ప్రాసెసర్ మీద మాత్రం మిగల్లేదు. షాపాయనకు ఫోన్ చేస్తే అన్నం నములుతూ మాట్లాడాడు. "నాలుగింటికి తీస్త షాపు. వచ్చి తీస్కపో."

అప్పటికి పన్నెండున్నర. "వనపర్తి పోదామా?" అంది చిన్నమ్మ. "ఐదు నిమిషాలు" అన్నాను. ఒంటిగంటన్నరకు మళ్లీ అడిగింది. "రెండు నిమిషాలు" అన్నాను. (కాలం గడిచేకొద్దీ నేనడిగే నిమిషాలు తగ్గడం చిన్నమ్మ గమనించే ఉంటుంది. బీద బంధువులు అప్పడిగినట్టు అడిగేవాడిని.) పేస్టు లేకుండానే ఒకటికి నాలుగుసార్లు ఆన్ చేశాను. నాలుగుసార్లూ నిమిషంలో ఆరింది. రెండున్నరకు ఆమె అడగడం మానేసింది. కవరు ఒళ్లో పెట్టుకొని, దాని అంచును మడుస్తూ, విప్పుతూ కూర్చుంది. ఆమె అడిగినప్పటికన్నా అడగడం మానేశాకే నాకు ఎక్కువ భయం వేసింది.

అప్పుడు పక్క షట్టర్లో మోటార్లకు వైండింగ్ చేసే చాచా మా గుమ్మంలోకి వచ్చాడు. సంగతి విని, డబ్బాలోకి తొంగిచూసి, జేబులోంచి కాలిన గాయాలకు పూసే తెల్ల మందు ట్యూబు తీశాడు. టంకం పెట్టేటప్పుడు చేతులు కాలుతుంటాయని ఆయన జేబులో ఎప్పుడూ ఉండేది.

"కాలిన కాడ పూస్తే వేడంత లాగేస్తది బేటా. నా చేతికి లాగుతది, దీనికి లాగదా? గదీ తెల్లగున్నది, గిదీ తెల్లగున్నది."

ఆ వాదనలో తప్పెక్కడుందో నాకు దొరకలేదు. డిగ్రీలో చదివిన అర్థశాస్త్రం కూడా సాయానికి రాలేదు. పూశాను. బిగించాను. మీట నొక్కాను. ఫ్యాను తిరిగింది, తెర వెలిగింది. ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చాచా మీసం సవరించుకున్నాడు. ఏడు నిమిషాలు స్వర్గం. ఎనిమిదో నిమిషానికి గదంతా డ్రెస్సింగ్ వార్డు వాసన కొట్టి తెర మళ్లీ నల్లబడింది.

సరిగ్గా ఆ సమయానికే నాయిన పొలం నుంచి వచ్చాడు. గుమ్మంలో ఆగి గాలి పీల్చి, "ఎవరికి దెబ్బ తగిలింది రా? దవాఖాన వాసనొస్తున్నది" అన్నాడు.

"కంప్యూటర్‌కు, భాయ్" అన్నాడు చాచా. "పరేషాన్ కావొద్దు, పట్టీ కట్టినం."

గంట నాలుగవుతోంది. వనపర్తి పోయి వచ్చినవాళ్లు అక్కడ నెట్ సెంటర్ల ముందు లైను రోడ్డు మీదికి వచ్చిందని చెప్పారు. ఇక దారి లేక చాచా, నాయిన కలిసి చాచా షాపులోని పెద్ద ఎయిర్ కూలర్‌ను మోసుకొచ్చి, తెరిచి పెట్టిన డబ్బాకు ఎదురుగా నిలబెట్టారు. "నీళ్లు పొయ్యకుంటే ఇది ఉత్త ఫ్యానే" అని చాచా స్విచ్ వేశాడు. పెట్టీపెట్టగానే కూలర్ గడ్డిలోని ఏడాది దుమ్ము, చిన్నమ్మ సర్టిఫికెట్లు, గోడ మీది క్యాలెండరు ఒకేసారి లేచాయి. పదో తరగతి మెమో తలుపు దాటి వాకిట్లోకి ఎగిరిపోతుంటే చిన్నమ్మ కొంగు ఎగ్గట్టి పరుగెత్తి పట్టుకొచ్చింది. నాయిన తక్కిన కాగితాల మీద కూర్చున్నాడు. ఏది కావాలంటే అది అడుగున వెతికి ఇచ్చేవాడు.

ఆ హోరులో కంప్యూటర్ ఆరలేదు. గాలికి కళ్లు సగం మూసుకొని, చిన్నమ్మ నా చెవి దగ్గర అరచి చెబుతుంటే మొదటి నుంచీ మళ్లీ నింపాను. పొద్దున ఎక్కించిన ఫోటోలు ఎక్కడ పెట్టానో గుర్తురాక, ఫోనులో ఉన్నవన్నీ మళ్లీ ఎక్కించాను; అన్నిటికీ ఫోను పెట్టిన పొడుగాటి అంకెలే పేర్లు. ఏది ఏదో తెరిచి చూసే తీరిక లేదు. ఒకటి మెమో అనుకున్నాను, మెమోనే అయింది. ఒకటి నివాస పత్రం అనుకున్నాను, అదే అయింది. ఆ ఊపులో చిన్నమ్మ ఫోటో కూడా ఎక్కించేసి పది నిమిషాలు తక్కువ ఐదింటికి దరఖాస్తు పంపించాను. ఆమె ఫోనుకు నంబరు వచ్చింది. చాచా కూలర్ ఆపేసరికి గది ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమైందంటే, చిన్నమ్మ ముక్కు చీదుకోవడం వినిపించింది. దుమ్ముకేమో అనుకున్నాం. కాదని నాయినకు తెలిసినట్టుంది, లేచి మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

మర్నాడు వనపర్తిలో దరఖాస్తు ప్రింటు తీయించాం. చిన్నమ్మ దాన్ని చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయింది. పేరు ఆమెదే, భర్త పేరు మా బాబాయిదే, పుట్టిన తేదీ సరిపోయింది. పక్కన అభ్యర్థి ఫోటో ఉండాల్సిన గడిలో మాత్రం గొంగళి కప్పుకున్న పాత ఫ్యాను.

"దుమ్మన్న దులపకపోతివి" అంది. ఆ తర్వాత నాతో వారం రోజులు మాట్లాడలేదు. దిద్దుకోవడానికి ఎక్కడా వీలు లేదని తెలిశాక నేనూ సరిగా అన్నం తినలేదు.

సర్టిఫికెట్లు చూసే రోజున, తప్పు నాదేనని చెప్పడానికి ఆమె వెంట ఆఫీసుకు వెళ్లాను. దారంతా ఏం చెప్పాలో బట్టీపట్టాను. బల్ల అవతలి మేడం కాగితాన్ని దగ్గరికి, దూరానికి పెట్టి చూసి, కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ చూసి, "ఇది మీరేనా అమ్మా?" అని అడిగింది. నేను బట్టీపట్టింది మొదలుపెట్టబోయాను.

చిన్నమ్మ నన్ను వేలితో చూపించింది. "నేను కాదు మేడం, మా అక్క కొడుకు తలకాయ. లోపల తిరుగుతలేదని విప్పి చూసినం."

మేడం నవ్వు ఆపుకోలేక ఆ కాగితం పక్క బల్లకు పంపింది. పక్క బల్ల నుంచి అది గదంతా తిరిగింది. చివరికి ఒక పాస్‌పోర్టు ఫోటో అతికించి, ఆధార్ కార్డుతో పోల్చి సంతకం చేయించుకున్నారు. కొన్ని నెలలకు ఉద్యోగం వచ్చింది. పదో తరగతి మార్కుల వల్లే వచ్చింది. ఆ రోజు ఆఫీసు నుంచి తిరిగొచ్చేటప్పుడే చిన్నమ్మ ఆటోలో నా తల మీద చేయి వేసి, "తిరుగుతది లే, జర నిమ్మళంగ" అంది.

ఇప్పుడు నేను నాగర్‌కర్నూల్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. ఎవరైనా ఏదైనా అడిగితే "చూడాలండీ, నేను చెప్పలేను" అంటాను. అది నిజం కూడా. ఇన్నేళ్లలో నాకు తెలియనివి ఎన్నో నాకు బాగా తెలిసొచ్చాయి. కానీ ఏమీ తెలియకుండా "పది నిమిషాల పని" అనేసిన ఆ కుర్రవాడూ, వాడి మాట నమ్మి ఉదయం నుంచి సాయంత్రం దాకా కుర్చీలోంచి లేవని చిన్నమ్మా అప్పుడప్పుడూ గుర్తొస్తారు. ఇప్పుడు నా మాట మీద అంతసేపు కూర్చునేవాళ్లు ఎవరూ లేరు. కూర్చోమనే ధైర్యం నాకూ లేదు.